నీరసం ఒక్కటి కాదు: ఐసీయూకీ ఇంటికీ మధ్య రీహ్యాబ్ వార్డులో జరిగే పని

తీవ్రమైన కొవిడ్ న్యుమోనియాతో మూడు వారాలు వెంటిలేటర్ మీద ఉండి బయటపడిన మనిషిని చూడగానే చుట్టాలు అనే మాట ఒకటే: “బాగా నీరసించిపోయారు.” ఆ వెంటే, “నెల రోజులు మంచం దిగకుండా విశ్రాంతి తీసుకుంటే అదే సర్దుకుంటుంది” అంటారు. మొదటి మాట నిజమే గానీ దానివల్ల ఏమీ తేలదు. రెండోది చాలామందికి హాని చేసే సలహా.

నీరసం అనే మూట విప్పి చూస్తే అందులో అరడజను వేర్వేరు సమస్యలుంటాయి. కండ కరిగిపోవడం, నరం దెబ్బతినడం, లేచి కూర్చుంటే బీపీ పడిపోవడం, ఊపిరితిత్తులు చాలినంత ఆక్సిజన్ అందించలేకపోవడం, కాస్త శ్రమపడితే మర్నాడు కుప్పకూలడం. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, మనిషి లేవలేడు. కానీ ఒకదానికి మందులా పనిచేసే వ్యాయామం ఇంకొకదాన్ని ముదరబెడుతుంది. వీటిలో ఏది ఎంతుందో విడదీసి, దేనికి తగిన చికిత్స దానికి రోజూ కొలిచి ఇవ్వడమే ఇన్‌పేషెంట్ రీహ్యాబ్ చేసే పని. (పునరావాసం అంటే మనకు ముంపు గ్రామాలే గుర్తొస్తాయి. అందుకే ఆసుపత్రుల్లో అందరూ వాడే రీహ్యాబ్ అన్న మాటే ఇక్కడా వాడుతున్నాం.)

ఇది కొవిడ్‌తో పుట్టిన విద్య కాదు. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు, ఊపిరి తీసుకోలేని రోగుల గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టి, వైద్య విద్యార్థులు వంతులవారీగా రబ్బరు సంచి నొక్కుతూ వాళ్ళను బతికించారు. నేటి ఐసీయూకు మూలం అదే. మన దగ్గర, చిత్తూరు జిల్లా వాళ్ళకు పక్కింటి లాంటి వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ)లో 1966లోనే రీహ్యాబ్ సంస్థ మొదలైంది. దానికి ఆద్యురాలు డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసిన వైద్యురాలామె.

మూట విప్పడం

మొదట కండ. ఐసీయూలో మొదటి పది రోజుల్లోనే తొడ ముందు కండరం అడ్డుకోత వైశాల్యం దాదాపు ఆరో వంతు తగ్గిపోతుందని స్కాన్‌లతో కొలిచి చూశారు. ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్), కదలిక లేకపోవడం, స్టెరాయిడ్లు, తిండి చాలకపోవడం అన్నీ కలిసి చేసే పని ఇది. వార్డులో చేరిన రోజే బలాన్ని అంకెల్లో రాస్తారు. భుజం పక్కకెత్తడం, మోచెయ్యి మడవడం, మణికట్టు పైకి లేపడం, తుంటి మడవడం, మోకాలు చాపడం, పాదం పైకెత్తడం: ఈ ఆరు కదలికలకు రెండు వైపులా 0 నుంచి 5 వరకు మార్కులిస్తే మొత్తం 60. 48 కంటే తక్కువొస్తే దాన్ని ఐసీయూ తెచ్చిన బలహీనతగా లెక్కిస్తారు. ఈ అంకె ఒకరోజు పరీక్షగా కాకుండా వారం వారం గీసే గీతగా పనికొస్తుంది. గీత పైకి వెళ్ళకుండా ఆగిపోతే కారణం వెతకాలి. పైకి వెళ్ళి కిందికి దిగితే అదే రోజు వెతకాలి.

తర్వాత నరాలు. బలం తగ్గడంతో పాటు పాదాల్లో మొద్దుబారినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటే కండతో పాటు నరం కూడా దెబ్బతిన్నట్టు. కండ మాత్రమే పోయినవాళ్ళు మామూలుగా త్వరగా కోలుకుంటారు, నరం పోయినవాళ్ళకు నెలలు పడుతుంది. తెగిన నరపు పోగు మళ్ళీ పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, అంటే పది సెంటీమీటర్ల దూరానికి వంద రోజులు. పోగు తెగకుండా నొక్కుడు మాత్రమే పడి ఉంటే అంతకంటే చాలా ముందే తేరుకుంటుంది. ఈ లెక్క కుటుంబానికి మొదట్లోనే చెప్పాలి. లేకపోతే మూడో వారంలో “ఫిజియోతో ఏం లాభం లేదు” అని ఇంటికి తీసుకెళ్ళిపోతారు.

ఒక్క చోటే పడిన దెబ్బలు వేరు. ఆక్సిజన్ కోసం రోజుకు 12 నుంచి 16 గంటలు బోర్లా పడుకోబెట్టినవారిలో భుజం దగ్గర నరాల గుత్తి సాగి చెయ్యి పైకి లేవకపోవచ్చు. కాళ్ళు బయటికి వాలి పడుకుంటే మోకాలి కింద బయటివైపు ఎముక మీద నరం నొక్కుకుపోయి పాదం వాలిపోతుంది. అలాంటివారు నడిచేటప్పుడు కాలి బొటనవేలు నేలకు రాసుకుంటుంది, చెప్పు జారిపోతుంది. దీన్ని నీరసం కింద కలిపేస్తే మడమ వెనక కండరపు తాడు బిగుసుకుపోయి, తర్వాత బలం వచ్చినా పాదం నేల మీద ఆనదు. పాదాన్ని తొంభై డిగ్రీల్లో నిలిపే పట్టీ మొదటి రోజు నుంచే వెయ్యాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. వైరస్ జబ్బు తగ్గిన కొద్ది రోజులకో వారాలకో కాళ్ళ నుంచి పైకి పాకుతూ బలహీనత పెరుగుతుంటే అది గిలియన్ బారే సిండ్రోమ్ కావచ్చు. దానికి వ్యాయామం మందు కాదు. ఇమ్యునోగ్లోబులిన్‌ కానీ ప్లాస్మా మార్పిడి కానీ కావాలి, వెంటనే న్యూరాలజిస్టు చూడాలి.

అసలు ఎవరిని చేర్చాలి? ఇంటికి వెళ్ళేంత బలం లేక, ఐసీయూ అవసరం కూడా లేక మధ్యలో ఉన్నవారిని. జ్వరం లేకుండా, బీపీ పడిపోకుండా నిలబెట్టే మందుల డ్రిప్ లేకుండా, ఆక్సిజన్ అవసరం రోజురోజుకీ పెరగకుండా ఉండాలి. చెప్పింది కొంతైనా అర్థం చేసుకుని చెయ్యగలగాలి. అమెరికాలో ఇలాంటి వార్డులో చేరినవారు రోజుకు మూడు గంటల చొప్పున వారానికి ఐదు రోజులు చికిత్సలో పాల్గొనగలగాలన్నది వాడుకలో ఉన్న కొలత. వెంటిలేటర్ నుంచి నిన్నగాక మొన్న వచ్చినవారికి అది మొదటి వారంలో సాధ్యపడదు. పది నిమిషాల చొప్పున రోజుకు ఐదారు సార్లు, మధ్యలో నిండు విశ్రాంతితో మొదలుపెట్టడమే సరైనది.

మొదటిసారి నిలబెట్టడం

బయటివారికి ఇదేముంది, లేపి నిలబెట్టడమే కదా అనిపిస్తుంది. దగ్గర నుంచి చూద్దాం.

పడుకున్నప్పుడు బీపీ, నాడి, ఆక్సిజన్ శాతం రాసుకుంటారు. రెండు కాళ్ళకూ వేళ్ళ నుంచి తొడ దాకా క్రేప్ బ్యాండేజ్, పొట్టకు బెల్టు. మంచం తలవైపు ముందు 30 డిగ్రీలు, కొన్ని నిమిషాల తర్వాత 60 డిగ్రీలు లేపుతారు. మూత్రం సంచి, ఆక్సిజన్ గొట్టం, ముక్కులో ఆహారపు గొట్టం ఏ వైపు నుంచి వస్తున్నాయో చూసి రోగిని ఆ వైపుకే తిప్పుతారు. ఈ ఒక్క పని మర్చిపోయి గొట్టాలు పీక్కున్న సందర్భాలు అన్ని వార్డుల్లోనూ ఉంటాయి. తర్వాత పక్కకు తిప్పి, కాళ్ళు మంచం దించి, మోచేతి మీద ఆనించి కూర్చోబెడతారు. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. మంచం ఎత్తుగా ఉంటే పీట వెయ్యాలి.

కూర్చోబెట్టాక ఒకటో నిమిషంలో ఒకసారి, మూడో నిమిషంలో ఇంకోసారి బీపీ. పై అంకె 20 కానీ, కింది అంకె 10 కానీ పడితే ఆ పూటకు నిలబెట్టరు. పడుకుని పడుకుని రక్తనాళాలు బిగించే స్వభావం మందగించిందన్నమాట. కళ్ళు బైర్లు కమ్మడానికి కారణం ఇదే, కాళ్ళలో బలం లేకపోవడం కాదు. దీనికి టిల్ట్ టేబుల్ ఉంది: నడుముకూ మోకాళ్ళకూ పట్టీలు కట్టి, బల్లతో సహా మనిషిని రోజుకు కొన్ని డిగ్రీల చొప్పున నిలువుగా లేపుతారు.

బీపీ నిలిస్తే ఇద్దరు చెరో పక్క నిలబడి, నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని లేపుతారు. చంకల కింద చేతులు పెట్టి లాగకూడదు. ఇంట్లో అందరూ చేసే తప్పు ఇదే. కండ కరిగిన భుజం కీలు అలా లాగితే జారుతుంది, అక్కడి నరాలు సాగుతాయి. మొదటి రోజు 30 సెకన్లు, రెండుసార్లు నిలబడితే చాలు. రోగి కూర్చున్నాక ఆక్సిజన్ శాతం మొదటి అంకెకు రావడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాస్తారు. ఆ అంకె చెప్పేది నిలబడ్డ సమయం కంటే ఎక్కువ.

ఆక్సిజన్ 88 శాతం కంటే కిందికి పడితే ఆపాలి. ఆయాసాన్ని 0 నుంచి 10 వరకు రోగినే చెప్పమంటారు. 3, 4 దగ్గర పని సాగాలి, అది దాటితే ఆపాలి. ఆక్సిమీటర్ చూపే అంకెను గుడ్డిగా నమ్మకూడదు. చల్లబడ్డ వేళ్ళకు, గోరింటాకుకు, గోళ్ళ రంగుకు తప్పు చూపిస్తుంది. చర్మం రంగు ముదురుగా ఉంటే ఉన్నదానికంటే ఒకటి రెండు అంకెలు ఎక్కువ చూపే అవకాశం ఉంది, మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. పైగా అంకె కొన్ని సెకన్లు ఆలస్యంగా మారుతుంది, అందుకే ఆపిన తర్వాత కూడా వేలికి ఉంచే చూడాలి.

గొంతు, చెంచా

రెండు రోజులు దాటి గొంతులో గొట్టం ఉన్నవారికి మింగడం దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. మామూలుగా నీళ్ళు తప్పుదారిన వెళ్తే పొలమారుతుంది, దగ్గు వస్తుంది. వీళ్ళలో స్పర్శే మందగిస్తుంది కాబట్టి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగినా దగ్గు రాదు. దగ్గు రాలేదు కదా అని ఇంటివాళ్ళు పట్టించే కొబ్బరినీళ్ళ వల్ల రెండు రోజుల తర్వాత మళ్ళీ జ్వరం, మళ్ళీ న్యుమోనియా.

మింగడం చూసే థెరపిస్టు ముందు నోరు శుభ్రం చేయిస్తారు. పాచి పట్టిన నోటి నుంచి దిగే ఉమ్మే సగం ప్రమాదం. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, ఒక చెంచా నీళ్ళు ఇచ్చి, కంఠమణి పైకి లేచిందా, మింగాక గొంతులో గరగర వస్తోందా అని “ఆ” అనిపించి వింటారు. అది దాటితే 90 మిల్లీలీటర్లు ఆపకుండా తాగించే పరీక్ష. అనుమానం మిగిలితే ముక్కు ద్వారా సన్నని కెమెరా పంపి చూస్తారు. పల్చటివే ఎక్కువ ప్రమాదం అన్నది మన వాడుకకు తలకిందులు. జబ్బు మనిషికి ముందు మజ్జిగ తేట, చారు, గంజి పెడతాం. ఇక్కడ చిక్కటి రాగి జావ, మెత్తగా చిదిమి పప్పు కలిపిన ఇడ్లీ, గడ్డ పెరుగు ముందు, నీళ్ళు చివర.

చిక్కదనం కొలవడానికి 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు. లోపలి కాడ తీసేసి, కింది రంధ్రం వేలితో మూసి, 10 గీత దాకా జావ పోసి, వేలు తీసి సరిగ్గా 10 సెకన్లకు మళ్ళీ మూయాలి. 1 లోపు మిగిలితే అది నీళ్ళతో సమానం. 4 దాకా మిగిలితే కొద్దిగా, 8 దాకా మిగిలితే ఓ మాదిరిగా, 8 దాటి మిగిలితే బాగా చిక్కగా ఉన్నట్టు. సిరంజిలో 0 నుంచి 10 గీత దాకా పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉన్నదే వాడాలి, లేకపోతే అంకెలు కుదరవు. చల్లారితే జావ ఇంకా గట్టిపడుతుంది కాబట్టి తాగించే వేడిలోనే కొలవాలి.

గొంతు ముందు ట్రాకియాస్టమీ గొట్టం ఉన్నవారికి దాన్ని తీయడానికి ఒక వరుస ఉంది. ముందు గొట్టం చుట్టూ ఉన్న గాలిబుడగను కొద్దికొద్ది సేపు దించుతారు. తర్వాత మాట్లాడే వాల్వ్ (గాలిని లోపలికి రానిచ్చి, అదే దారిన బయటికి పోనివ్వనిది), ఆ పైన మూత, మూతతో ఒకటి రెండు రోజులు ఇబ్బంది లేకుండా గడిస్తే, దగ్గు వేగం నిమిషానికి 160 లీటర్లు దాటితే, గొట్టం తీస్తారు. గాలిబుడగ నిండి ఉండగా మాట్లాడే వాల్వ్ ఎప్పుడూ పెట్టకూడదు. పీల్చిన గాలి బయటికి వెళ్ళే దారే ఉండదు, నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. గొట్టం తీసి ఇంటికెళ్ళిన కొన్ని వారాలకు ఊపిరి పీల్చేటప్పుడు కూత వినిపిస్తే అది ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్లు వాడుతూ కూర్చోకూడదు. గొట్టం ఉన్న చోట శ్వాసనాళం సన్నబడి ఉండొచ్చు, ఈఎన్‌టీ డాక్టరు చూడాలి.

పథ్యం ఎదురు తిరిగే చోటు

కండ తిరిగి కట్టాలంటే రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. పెద్దవాళ్ళు చెప్పే పథ్యంలో జావ, ఇడ్లీ, చారన్నం, కొబ్బరినీళ్ళు ఉంటాయి. గుడ్డు వేడి, పెరుగు చలవ, పప్పు వాతం అని తీసేస్తారు. అలాంటి రోజు మొత్తం కూడితే 30 గ్రాములు కూడా రావడం కష్టం. రెండు గుడ్లకు 12, రెండు గ్లాసుల పాలకు 12, కప్పు ముద్దపప్పుకు 8, వంద గ్రాముల చేపకో చికెన్‌కో 20 నుంచి 25, కప్పు పెరుగుకు 5, గుప్పెడు వేరుశెనగలకు 7: ఇలా పూట పూటకూ పంచితే, జావ, ఇడ్లీ, అన్నంలో వచ్చేదానితో కలిపి అంకె అందుతుంది. వ్యాయామం చేయించి ఇవి పెట్టకపోతే శరీరం ఉన్న కండనే కరిగించి వాడుకుంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం లెక్క డాక్టరే చెప్పాలి. చాలా రోజులు తిండి లేకుండా ఉన్నవారికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదు, రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం అమాంతం పడిపోయి గుండె లయ తప్పుతుంది. మొదటి రోజుల్లో ఆ పరీక్షలు చేస్తూ, థయామిన్ (విటమిన్ బి1) ఇస్తూ పెంచుతారు.

స్టెరాయిడ్లు వాడినప్పుడు షుగర్ పెరిగి ఇన్సులిన్ మొదలుపెడతారు. స్టెరాయిడ్ తగ్గిస్తూ ఇన్సులిన్ తగ్గించడం మర్చిపోతే వ్యాయామం మధ్యలో చెమటలు పట్టి పడిపోతారు. అది కూడా నీరసంగానే కనిపిస్తుంది. ముందు షుగర్ చూడాలి.

రాత్రుళ్ళు మాటలు తప్పడం, లేనివాళ్ళు కనిపించడం, తేదీ గుర్తుండకపోవడం ఐసీయూ నుంచి వచ్చిన చాలామందిలో ఉంటుంది. పిచ్చి కాదది. కళ్ళద్దాలు, వినికిడి యంత్రం తెచ్చివ్వడం, గోడ మీద గడియారం, క్యాలెండర్, పగలు కిటికీ తెరవడం, రాత్రి దీపాలు ఆర్పి అనవసరంగా లేపకపోవడం, తెలిసిన గొంతు రోజూ ఒకే వేళకు వినిపించడం: వీటి విలువ నిద్రమాత్రకంటే ఎక్కువ.

తేడా పట్టుకోవలసిన ఇంకో సమస్య, శ్రమ తర్వాతి కుప్పకూలడం. కండ తగ్గినవాళ్ళు ఈరోజు ఇరవై అడుగులు వేస్తే ఒళ్ళు నొప్పులతోనైనా రేపు ఇరవై రెండు వేస్తారు. ఇంకో రకం వారు ఈరోజు బాగానే చేసి, సగం రోజు గడిచాకో రెండు రోజుల లోపో మంచం పడతారు. తల మొద్దుబారుతుంది, గుండెదడ, లైటు చూడలేరు. వీళ్ళను “ఇంకొంచెం, ఇంకొంచెం” అని తోస్తే నష్టం. అందుకే మంచి వార్డులో ఈ ఉదయపు డోసు నిన్నటి పని చూసి కాకుండా నిన్నటి రాత్రి, ఈరోజు పొద్దున ఎలా గడిచాయో అడిగి నిర్ణయిస్తారు. ఇలా జరిగితే పని సగానికి తగ్గించి, అక్కడే నిలకడగా ఉంచాలి. పళ్ళు తోముకోవడం, తల దువ్వుకోవడం కూడా ఆ లెక్కలో పనే.

ఒక కాలు పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే మర్దన చెయ్యొద్దు. రక్తం గడ్డ కట్టిందేమో డాప్లర్ స్కాన్ చేయించాలి. మర్దనతో గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

ఇంటి కొలతలు, బీమా కాగితం

డిశ్చార్జ్‌కు వారం ముందే ఇంటి వివరాలు అడగాలి. మంచం ఎత్తు కూర్చుంటే మోకాలు తొంభై డిగ్రీలు మడిచేలా ఉందా, బాత్రూం గడప ఎన్ని అంగుళాలు, తలుపు వెడల్పులో వాకర్ పడుతుందా, మెట్లు ఎన్ని, కమ్మీ ఏ వైపు. నేల మీది కమోడ్ మీద కూర్చుని లేవడానికి తొడ కండరాలకు చాలా బలం కావాలి, తగ్గింది సరిగ్గా ఆ బలమే. కమోడ్ కుర్చీ కొన్నాకే ఇంటికి పంపాలి. మెట్లు ఎక్కేటప్పుడు బలమున్న కాలు ముందు, దిగేటప్పుడు బలం లేని కాలు ముందు. ఇది వార్డులోనే అలవాటు చేయించాలి.

ఆక్సిజన్ ఇంటికి పోతుంటే లెక్క ముందే వేసుకోవాలి. చిన్న బి టైపు సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లుంటాయి. నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు. ఐదు లీటర్ల కాన్సెంట్రేటర్‌కు కరెంటు 350 వాట్ల దాకా కావాలి, మామూలు ఇన్వర్టర్ ఎంతసేపు లాగుతుందో చూసుకోవాలి. ఆ గదిలో దీపం, అగరుబత్తి, దోమల కాయిల్ వెలిగించకూడదు. ముక్కు ఎండిపోతోందని కొబ్బరినూనె, వాసెలిన్ రాయకూడదు, నీటితో చేసిన జెల్ వాడాలి.

డబ్బు సంగతి. ఆరోగ్య బీమా పాలసీల్లో ఐదో నంబరు ప్రామాణిక మినహాయింపు ఒకటుంది: విశ్రాంతి, రీహ్యాబ్, సంరక్షణ కోసమే చేరితే ఖర్చు ఇవ్వరు. అందులో అసలు మాట “చికిత్స కోసం కాకుండా” చేరడం. కాబట్టి చేరేముందు పంపే కాగితంలో “బలహీనత, విశ్రాంతి కోసం” అని ఒక్క ముక్క రాస్తే తిరస్కరణకు దారి ఇచ్చినట్టే. నిజంగా ఉన్నదే రాయించాలి: బలం స్కోరు 60కి ఎంత, ఎంత ఆక్సిజన్ మీద ఉన్నారు, ట్రాకియాస్టమీ ఉందా, మింగే పరీక్షలో ఏం తేలింది, రోజుకు ఏ చికిత్స ఎన్నిసార్లు, ఏ లక్ష్యానికి ఎన్ని రోజులు. అయినా ఒప్పుకుంటారన్న హామీ లేదు గనుక ముందస్తు అనుమతి రాతలో తీసుకునే చేరాలి.

ఇంటికి వెళ్ళాక ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి చూపించుకోవాలి. అప్పుడు ఆరు నిమిషాల నడక, ఊపిరితిత్తుల పరీక్ష, జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తారు. వీటిలో దొరకనిది ఒకటుంది. స్టెరాయిడ్లు వాడినవారికి నెలల తర్వాత గజ్జల్లో నొప్పి మొదలై, బాసిపట్టు వేసి కూర్చోవడం కష్టమైతే, అది ఫిజియో ఎక్కువై పట్టిన నొప్పి కాకపోవచ్చు. తుంటి ఎముక తల రక్తం అందక దెబ్బతింటుండవచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు, ఎంఆర్ఐలో కనపడుతుంది. ఎముక కుంగకముందు పట్టుకుంటే కీలు మార్చకుండా కాపాడుకునే అవకాశం ఉంటుంది.